ఇంగ్లీషు ‘బ్రేక్’: అర్థాలు, జోడు మాటలు, వాడే తీరు – సమగ్ర మార్గదర్శి

కారు దారి మధ్యలో మొరాయిస్తే బ్రేక్‌డౌన్. ప్రేమికులు విడిపోతే బ్రేకప్. కొత్త నటుడికి పెద్ద వేషం దొరికితే బ్రేక్. పని మధ్యలో లేచి కాసేపు అటూ ఇటూ తిరిగితే అదీ బ్రేకే. టీవీ తెర అడుగున పరుగులు తీసేది బ్రేకింగ్ న్యూస్. ఇంగ్లీషు చదవనివాళ్లు కూడా వాడే మాట కాబట్టి ఇది మనకు బాగా వచ్చనే అనుకుంటాం. తీరా ఇంగ్లీషులో ఒక వాక్యం రాయబోతే చేయి ఆగుతుంది. ఇంట్లో దొంగలు పడ్డారనడానికి ‘బ్రోక్ ఇన్’ అనాలా, ‘బ్రోక్ ఇంటు’ అనాలా? నిశ్చితార్థం రద్దయితే ‘బ్రోక్ అప్’ సరైనదా, ‘బ్రోక్ ఆఫ్’ సరైనదా? ‘ఐ యామ్ బ్రోక్’ అన్నవాడు విరిగిపోయాడా, వాడి జేబు ఖాళీ అయిందా?

నిఘంటువు తెరిస్తే ఈ మాటకు అర్థాలు పేజీలకొద్దీ కనిపిస్తాయి. వాటిని వరసపెట్టి బట్టీ పట్టడం దండగ పని. ‘బ్రేక్’ అర్థం చాలావరకు దాని ఇరుగుపొరుగులో ఉంటుంది. ముందు కర్త ఎవరు, వెనక కర్మ ఏమిటి, చివర డౌన్, అప్, ఔట్ లాంటి చిన్న మాట ఏదైనా తగిలించారా అని చూసుకోవాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ చూపును అలవాటు చేయడానికే.

మొదటి మెట్టు: అసలు అర్థాన్ని పట్టుకోండి

తెలుగులో వస్తువును బట్టి క్రియ మారుతుంది. కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, తాడు తెగుతుంది, కొబ్బరికాయ కొడతాం. ఇంగ్లీషుకు ఈ పట్టింపు లేదు, అన్నింటికీ బ్రేక్ సరిపోతుంది. అలాగని ప్రతి చోటా పెట్టేయకూడదు. గుడ్డ, కాగితం చినిగితే ‘టేర్’. బెలూన్, పైపు పగిలితే ‘బర్స్ట్’. గాజుకు గీత పడి ముక్క ఊడకుండా నిలిచి ఉంటే ‘క్రాక్’. పాలు విరిగితే ‘కర్డిల్’. ‘మై షర్ట్ బ్రోక్’ అంటే అవతలివాళ్లకు నవ్వొస్తుంది.

అసలు అర్థం ఇది: ఒకటిగా ఉన్నది ముక్కలవడం. అక్కడి నుంచి మూడు కొమ్మలు చీలాయి. మొదటిది, ఆగకుండా సాగుతున్నది మధ్యలో తెగడం. పనికి విరామం, మౌనం వీడడం, అలవాటు మానడం ఈ కొమ్మకు చెందుతాయి. రెండోది, కట్టడిని దాటడం. చట్టం ఉల్లంఘించడం, మాట తప్పడం, జైలు నుంచి పారిపోవడం ఇందులోకి వస్తాయి. మూడోది, వస్తువు పనిచేయకపోవడం. ఈ మూడోదాని దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. ‘ది ఫ్యాన్ ఈజ్ బ్రోకెన్’ అంటే ఫ్యాన్ ముక్కలైందని కాదు, చెడిపోయిందని. కిటికీ బ్రోకెన్ అయితే మాత్రం నిజంగానే పగిలింది. మోటారో బటనో ఉన్న వస్తువైతే ముందు ‘చెడిపోయింది’ అన్న అర్థాన్ని ప్రయత్నించండి.

పాత ఇంగ్లీషులో ఈ క్రియ రూపం ‘బ్రెకన్’. లాటిన్‌లోని ‘ఫ్రాంగెరె’ దీనికి దూరపు చుట్టం. ఫ్రాక్చర్, ఫ్రాక్షన్, ఫ్రాగ్మెంట్, ఫ్రజైల్ అన్నీ ఆ లాటిన్ మాట నుంచి వచ్చినవే. అందుకే ఎముక విరిగితే మామూలు మనిషి ‘బ్రోకెన్ బోన్’ అంటాడు, డాక్టరు ‘ఫ్రాక్చర్’ అంటాడు. రెండూ ఒకటే. ‘ఫ్రాక్చర్ అంటే చిన్న పగులు, బ్రేక్ అంటే పూర్తిగా విరగడం’ అని చాలామంది అనుకుంటారు గానీ వైద్యంలో అలాంటి తేడా లేదు.

రెండో మెట్టు: మూడు రూపాలు, రెండు స్పెల్లింగులు

బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. నిన్న జరిగిన పనికి బ్రోక్. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ తర్వాత బ్రోకెన్. ‘ఐ హ్యావ్ బ్రోక్ ది రికార్డ్’ అన్నది వ్యాకరణం ప్రకారం తప్పు, ‘ఐ హ్యావ్ బ్రోకెన్’ అనాలి.

‘బ్రోక్’ విశేషణంగా వస్తే అర్థం పూర్తిగా వేరు. ‘ఐ యామ్ బ్రోక్’ అంటే చేతిలో చిల్లిగవ్వ లేదని. ‘ఐ యామ్ బ్రోకెన్’ అంటే మనిషి లోపల కుప్పకూలిపోయాడని. ఒకప్పుడు బ్రోకెన్ బదులు బ్రోక్ అనే వాడుక కూడా ఉండేది, డబ్బు లేని అర్థంలో అది అలాగే నిలిచిపోయింది. ‘గో బ్రోక్’ అంటే దివాలా తీయడం. ‘గో ఫర్ బ్రోక్’ అంటే మాత్రం ఉన్నదంతా ఒడ్డి తెగించడం. మధ్యలో ‘ఫర్’ చేరితే దివాలా కాస్తా తెగింపు అయిపోతుంది.

ఇక స్పెల్లింగ్. బండికి వేసే బ్రేకు వేరు, ఈ బ్రేక్ వేరు. చెవికి ఒకటే, కంటికి రెండు. విరగడానికి బి-ఆర్-ఇ-ఎ-కె, బండికి బి-ఆర్-ఎ-కె-ఇ. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపించడం వల్ల మనవాళ్లకు ఈ తడబాటు మరీ ఎక్కువ. బండి బ్రేకుకు భూతకాలం ‘బ్రేక్డ్’, బ్రోక్ కాదు. ‘హి బ్రోక్ సడెన్లీ ఎట్ ది సిగ్నల్’ అని రాస్తే చదివినవాడు ఏం విరిగిందోనని వెతుక్కుంటాడు.

స్పెల్లింగ్ గుర్తుండాలంటే బ్రేక్‌ఫాస్ట్‌ను తలచుకోండి. అందులో ఉన్నది విరగడమే. ఫాస్ట్ అంటే ఉపవాసం, రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నదాన్ని పొద్దున విడవడం. 15వ శతాబ్దం నుంచి ఆ మాట వాడుకలో ఉంది. నిజమైన ఉపవాసం విడిచినప్పుడు మాత్రం రెండు మాటలుగా విడగొట్టి ‘బ్రేక్ హిజ్ ఫాస్ట్’ అంటారు.

మూడో మెట్టు: కర్త ఎవరో చూడండి

తెలుగులో ‘పగిలింది’ వేరు, ‘పగలగొట్టాను’ వేరు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే రూపం. ‘ది గ్లాస్ బ్రోక్’, ‘ఐ బ్రోక్ ది గ్లాస్’. మనవాళ్లు మొదటిదాన్ని నమ్మలేక ‘ది గ్లాస్ గాట్ బ్రోకెన్’ అని సాగదీస్తారు. తప్పు కాదు గానీ అవసరం లేదు. తప్పు తనమీద పడకుండా చూసుకోవాలనుకునేవాడికి ‘ది గ్లాస్ బ్రోక్’ మహా సౌకర్యం. మన ‘చేతిలోంచి జారి పగిలిపోయింది’ చేసే పనే ఇదీ చేస్తుంది.

అసలు తమాషా ప్రాణం లేని కర్తలతో. ‘డే బ్రేక్స్’ అంటే తెల్లవారింది. చీకటి చీలి వెలుగు వచ్చిందన్నది అందులోని బొమ్మ. రాత్రికి ఇది పనికిరాదు, ‘నైట్ ఫాల్స్’ అనాలి. ‘ది స్టార్మ్ బ్రోక్’ అంటే తుఫాను ఆగిందని కాదు, విరుచుకుపడిందని. తెలుగులోని విరుచుకుపడడంలోనూ విరగడమే దాగి ఉండడం కాకతాళీయమే కావచ్చు, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ‘ది ఫీవర్ బ్రోక్’ అంటే జ్వరం దిగింది. ‘ది న్యూస్ బ్రోక్’ అంటే వార్త బయటికి పొక్కింది. ‘హర్ వాటర్స్ బ్రోక్’ అంటే కాన్పుకు ముందు ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రిలో ఈ మాట వినబడితే కంగారుపడి నీళ్ల బాటిల్ కోసం వెతక్కండి.

‘హిజ్ వాయిస్ బ్రోక్’ అన్న వాక్యానికి అర్థం మనిషి వయసును బట్టి మారుతుంది. ఎదిగే వయసు కుర్రాడైతే గొంతు మారింది. తండ్రి గురించి మాట్లాడుతున్న పెద్దాయనైతే గొంతు జీరబోయింది.

నాలుగో మెట్టు: దేన్ని బ్రేక్ చేశారు?

ఇక్కడ తెలుగు క్రియ ప్రతిసారీ మారుతుంది, అందుకే మాటను కర్మతో కలిపే నేర్చుకోవాలి. ‘బ్రేక్ ఎ ప్రామిస్’ అంటే మాట తప్పడం. ‘బ్రేక్ ది లా’ చట్టాన్ని ఉల్లంఘించడం. ‘బ్రేక్ ది సైలెన్స్’ మౌనం వీడడం. ‘బ్రేక్ ఎ హ్యాబిట్’ అలవాటు మానుకోవడం. ‘బ్రేక్ ఎ కోడ్’ రహస్యలిపి గుట్టు విప్పడం, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల రహస్యలిపి యంత్రం ఎనిగ్మా మీద చేసినది ఈ పనే. ‘బ్రేక్ ఎ రికార్డ్’ను మనం రికార్డు బద్దలు కొట్టడమనే అంటాం, అక్కడ ఇబ్బంది లేదు. ‘లైక్ ఎ బ్రోకెన్ రికార్డ్’ మాత్రం ఆటల రికార్డు కాదు. గీత పడిన గ్రామఫోను పళ్లెం ఒకే ముక్కను మళ్లీ మళ్లీ పాడుతుంది కదా, చెప్పిందే చెప్పి విసిగించే మనిషికి ఆ పోలిక.

మనసు సంగతి దగ్గర చాలామంది జారిపడతారు. ‘అతనంటే నాకు మనసు విరిగింది’ అంటే తెలుగులో ఇష్టం పోయిందని, ఇక అతని మొహం చూడబుద్ధి కాదని. ‘హి బ్రోక్ మై హార్ట్’ అంటే అతని వల్ల గుండె పగిలేంత బాధ కలిగిందని. ప్రేమ ఇంకా మిగిలే ఉండవచ్చు. మొదటిదాన్ని రెండోదానితో అనువదిస్తే కథే మారిపోతుంది.

‘బ్రేక్ ది న్యూస్’కు రెండు ముఖాలు ఉన్నాయి. విలేకరి చేస్తే అందరికన్నా ముందు వార్త బయటపెట్టడం. ఇంట్లోవాళ్లు చేస్తే చావు కబురో చేదు కబురో మెల్లగా చెవిన వేయడం. ‘టు’ చేర్చి ఎవరికి చెప్పారో అంటే, ‘షి బ్రోక్ ది న్యూస్ టు హర్ మదర్’ అంటే, రెండో అర్థమే ఎక్కువ.

‘బ్రేక్ ది ఐస్’ అంటే కొత్తవాళ్ల మధ్య బిగుసుకున్న మౌనాన్ని పోగొట్టి మాట కలపడం. గడ్డకట్టిన నీళ్లను పగలగొట్టి పడవకు దారి చేయడం అందులోని బొమ్మ. ‘బ్రేక్ ఎ లెగ్’ అంటే కాలు విరగ్గొట్టుకోమని శాపనార్థం కాదు. రంగస్థలంలో ‘గుడ్ లక్’ అని నేరుగా అంటే అపశకునమన్న నమ్మకం ఉంది, అందుకే తిరగేసి దీవిస్తారు. నాటకం ఆడబోయేవాళ్లకు, వేదిక ఎక్కబోయేవాళ్లకు అనవచ్చు. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లతో అనకండి. ‘బ్రేక్ ది బ్యాంక్’ జూదశాల మాట, అక్కడి ఖజానా ఖాళీ చేసేంతగా గెలవడం. రోజువారీ వాడుకలో ఇది ఎక్కువగా కాదనే రూపంలో వస్తుంది. ‘ఇట్ వోంట్ బ్రేక్ ది బ్యాంక్’ అంటే మన ఆస్తులేమీ కరిగిపోవు, కొనవచ్చు.

‘బ్రేక్ ఎ ఫాల్’ అంటే పడకుండా ఆపడం కాదు. పడుతున్నవాడికి కింద గడ్డివామో చెట్టుకొమ్మో అడ్డొచ్చి దెబ్బ తగ్గించడం. ‘కెన్ యు బ్రేక్ ఎ ట్వంటీ?’ అంటే ఇరవై నోటుకు చిల్లర ఇస్తారా అని. ‘మేక్ ఆర్ బ్రేక్’ మన తాడోపేడో.

‘బ్రేక్ స్టెప్’ వెనక నిజంగా జరిగిన ఒక ఘటన ఉంది. 1831 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దగ్గర బ్రౌటన్ వేలాడే వంతెన మీదుగా సైనికులు ఒకే లయలో అడుగులు వేస్తూ వెళ్తుంటే వంతెన ఊగి ఊగి కూలింది. ఆ తర్వాత వంతెనలు దాటేటప్పుడు అడుగు కలపకుండా నడవాలని బ్రిటిష్ సైన్యం ఆదేశం ఇచ్చింది. అలా కావాలని లయ తప్పించి నడవడమే బ్రేక్ స్టెప్. ‘బ్రేక్ ర్యాంక్స్’ దీనికి దగ్గర మాట, రాజకీయాల్లో సొంత పక్షం మాట కాదని గొంతు విప్పినవాళ్లకు వాడతారు.

అయిదో మెట్టు: వెనకొచ్చే చిన్న మాటలు

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, ఇక్కడే ఎక్కువ సేపు ఆగాలి.

‘బ్రేక్ డౌన్’తో మొదలుపెడదాం. వెనక కర్మ లేకపోతే కూలడం, చెడడం. ‘ది కార్ బ్రోక్ డౌన్’ బండి ఆగిపోయింది. ‘ది టాక్స్ బ్రోక్ డౌన్’ చర్చలు విఫలమయ్యాయి. ‘షి బ్రోక్ డౌన్’ దుఃఖం కట్టలు తెంచుకుని ఏడ్చేసింది. కర్మ ఉంటే విడగొట్టడం. ‘బ్రేక్ డౌన్ ది బిల్’ అంటే దేనికెంతో పద్దులవారీగా చూపించమని. ‘ఎంజైమ్స్ బ్రేక్ డౌన్ ప్రోటీన్స్’ అంటే మాంసకృత్తులను చిన్న అణువులుగా విడగొడతాయని. తలుపు విషయంలో అయితే బద్దలుకొట్టి పడేయడం. కర్మ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో సగం చిక్కు తీరిపోతుంది. ‘ఐ బ్రోక్ డౌన్ ఆన్ ది హైవే’ అని ఎవరైనా అంటే మాత్రం ఓదార్చడానికి తొందరపడకండి, చాలాసార్లు ఆగిపోయింది వాళ్ల బండి. ‘నెర్వస్ బ్రేక్‌డౌన్’ జనం నోట్లో నలిగే మాట, వైద్యులు నిర్ధారించే జబ్బు పేరు కాదు.

‘బ్రేక్ అప్’కు వచ్చేసరికి గుంపుగా, జంటగా, సంస్థగా ఉన్నది చెదరాలి. ప్రేమజంట విడిపోతే ‘దే బ్రోక్ అప్’. ఒకరు తెంచేసుకుంటే ‘షి బ్రోక్ అప్ విత్ హిమ్’. ఇక్కడ వాక్యంలో ముందున్నవాళ్లే వదిలేసినవాళ్లు. తెలుగులో మనం ‘బ్రేకప్ చెప్పింది’ అంటాం. దాన్ని ‘షి టోల్డ్ బ్రేకప్’ అని దింపితే ఇంగ్లీషులో అతకదు. సంస్థలకు కూడా ఇదే మాట. 1911లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు సంస్థ 34 కంపెనీలుగా విడిపోయింది, అది ‘బ్రోకెన్ అప్’. కొట్లాట విడదీస్తే ‘బ్రేక్ అప్ ఎ ఫైట్’. బ్రిటన్‌లో బడులకు సెలవులు ఇస్తే ‘స్కూల్ బ్రేక్స్ అప్’. ఫోన్లో ‘యు ఆర్ బ్రేకింగ్ అప్’ అని వినబడితే గుండె పట్టుకోనక్కర్లేదు, మీ గొంతు తెగి తెగి వస్తోందని అర్థం.

‘ఇన్’, ‘ఇంటు’ల తేడా తేలిక. ఎక్కడ పడ్డారో చెప్పకపోతే ‘థీవ్స్ బ్రోక్ ఇన్’. చెబితే ‘దే బ్రోక్ ఇంటు ది హౌస్’. ‘ఇంటు’కు మరో పని కూడా ఉంది, ఉన్నట్టుండి ఏదైనా మొదలుపెట్టడం. ‘బ్రోక్ ఇంటు ఎ రన్’ పరుగందుకున్నాడు, ‘బ్రోక్ ఇంటు సాంగ్’ పాటందుకున్నాడు. కొత్త రంగంలో లేదా మార్కెట్లో కష్టపడి చోటు సంపాదించినా ‘బ్రోక్ ఇంటు’నే. కర్మతో కూడిన ‘బ్రేక్ ఇన్’ వేరే ఇల్లు. కొత్త బూట్లను కొన్నాళ్లు తొడిగి కాలికి అలవాటు చేయడం, గుర్రాన్ని జీనుకు మచ్చిక చేయడం దాని కిందికి వస్తాయి. మాట్లాడుతుంటే మధ్యలో దూరినా ‘బ్రోక్ ఇన్’ అంటారు.

‘బ్రేక్ ఔట్’ చెడ్డవాటికి కేటాయించిన మాటనే చెప్పాలి. యుద్ధం, మంటలు, అంటువ్యాధి, అల్లర్లు చెలరేగితే ఇది వాడతారు. ‘ది వార్ బ్రోక్ ఔట్ ఇన్ 1939’. శాంతికి ‘బ్రోక్ ఔట్’ అంటే అది వెటకారమే. నామవాచకం కావాలంటే మాట తిరగబడి ‘ఔట్‌బ్రేక్’ అవుతుంది, వ్యాధికి ఎక్కువగా అదే వాడతారు. ఖైదీలు తప్పించుకుంటే ‘బ్రేకౌట్’. ఒంటిమీద దద్దుర్లు వస్తే ‘బ్రోక్ ఔట్ ఇన్ ఎ రాష్’.

‘బ్రేక్ ఆఫ్’ అంటే ఉన్నదాన్ని పుటుక్కున తెంచడం. కొమ్మ విరిచినా, నిశ్చితార్థం రద్దు చేసుకున్నా, దేశాలు దౌత్య సంబంధాలు తెంచుకున్నా ఇదే. మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆపేసినా ‘హి బ్రోక్ ఆఫ్’. మనుషులు విడిపోతే అప్, వాళ్ల మధ్య ఉన్న ఒప్పందమో బంధమో తెగితే ఆఫ్. మొదట్లో అడిగిన నిశ్చితార్థం ప్రశ్నకు ఇదే జవాబు: ‘దే బ్రోక్ ఆఫ్ ది ఎంగేజ్‌మెంట్’.

‘త్రూ’ అడ్డును చీల్చుకుని అవతలికి రావడం, ‘అవే’ గుంపు నుంచి వేరుపడడం. వీటిలో పెద్ద చిక్కులేమీ లేవు.

‘ఈవెన్’ వీటిలాంటి మాట కాదు గానీ వ్యాపారంలో తప్పించుకోలేం. ‘బ్రేక్ ఈవెన్’ అంటే లాభం లేదు, నష్టం లేదు. ఎన్ని అమ్మినా మారని ఖర్చు నెలకు 10,000 అనుకుందాం. వస్తువు తయారీకి 30 పడుతుంది, 50కి అమ్ముతున్నారు. ఒక్కోదాని మీద మిగిలేది 20. పదివేలను ఇరవైతో భాగిస్తే 500. ఐదొందలు అమ్మిన రోజున బ్రేక్ ఈవెన్, ఐదొందల ఒకటోదాని నుంచి లాభం. భూతకాలంలో ‘వి బ్రోక్ ఈవెన్’.

ఇంకొక్క నియమం, పరీక్షల్లో మార్కులు పోయేది దీని దగ్గరే. డౌన్, అప్, ఆఫ్ ఉన్నప్పుడు కర్మను మధ్యలో పెట్టవచ్చు, చివర పెట్టవచ్చు. ‘బ్రేక్ డౌన్ ది బిల్’, ‘బ్రేక్ ది బిల్ డౌన్’ రెండూ ఒప్పే. కర్మ ఇట్, దెమ్ లాంటి సర్వనామమైతే మధ్యలోనే ఉండాలి: ‘బ్రేక్ ఇట్ డౌన్’. ‘బ్రేక్ డౌన్ ఇట్’ తప్పు. ‘ఇంటు’తో ఈ వెసులుబాటు అసలు లేదు, ఇల్లయినా ‘ఇట్’ అయినా దాని తర్వాతే రావాలి.

ఆరో మెట్టు: క్రియ, నామవాచకం తేడా

క్రియ అయితే రెండు మాటలు విడిగా రాయాలి. నామవాచకమైతే కలిపి, లేదా మధ్యలో చిన్న గీత పెట్టి రాయాలి. ‘ది సిస్టమ్ బ్రోక్ డౌన్’, ‘ఎ బ్రేక్‌డౌన్’. పలికేటప్పుడు నామవాచకంలో బరువు ‘బ్రేక్’ మీద పడుతుంది, క్రియలో ‘డౌన్’ మీద పడుతుంది. గట్టిగా చదివి చూస్తే తేడా తెలుస్తుంది.

ఒంటరి నామవాచకంగా ‘బ్రేక్’ ఎక్కువగా విరామమే. ‘టేక్ ఎ బ్రేక్’ కాసేపు ఆగు. ‘ఎ బ్రేక్ ఇన్ ది రెయిన్’కు తెలుగులో ఎంత చక్కటి మాట ఉందో చూడండి, తెరిపి. ‘లక్కీ బ్రేక్’ కలిసొచ్చిన అవకాశం. ‘ట్యాక్స్ బ్రేక్’ పన్నులో రాయితీ. ‘గివ్ మి ఎ బ్రేక్’ మాత్రం గొంతును బట్టి మారుతుంది. బతిమాలుతూ అంటే నాకో అవకాశం ఇవ్వండి, మూతి విరుస్తూ అంటే చాల్లే ఊరుకో.

తెలుగు వార్తల్లో ‘పనులకు బ్రేక్’ అన్న శీర్షిక తరచూ వస్తుంది. పనులు నిలిచిపోయాయని మన ఉద్దేశం. అది నిజానికి బండి బ్రేకు నుంచి వచ్చిన వాడుక, ‘బ్రేక్ పడింది’ అనడమే అందుకు గుర్తు. ఇంగ్లీషులో ‘ఎ బ్రేక్ ఇన్ ది వర్క్’ అంటే కాసేపు విరామం, మళ్లీ మొదలవుతుంది. నిలిచిపోవడమే చెప్పాలంటే బండి స్పెల్లింగుతో ‘పుట్ ది బ్రేక్స్ ఆన్’ అనండి.

ఏడో మెట్టు: రంగాన్ని బట్టి అర్థం

క్రికెట్లో బ్రేక్ అంటే బంతి నేల తాకి పక్కకు తిరగడం. లెగ్ బ్రేక్ కుడిచేతి బ్యాటరుకు లెగ్ వైపు నుంచి ఆఫ్ వైపు తిరుగుతుంది, ఆఫ్ బ్రేక్ దానికి ఎదురు. ఎటు తిరుగుతుందో కాదు, ఎక్కడి నుంచి తిరుగుతుందో ఆ పేరు చెబుతుంది. టెన్నిస్‌లో ఎదుటివాడు సర్వీసు చేస్తున్న గేమును గెలిస్తే బ్రేక్. టై-బ్రేక్ సమానత్వాన్ని తెంచేది, మామూలుగా సెట్ 6-6 దగ్గర మొదలై ఏడు పాయింట్ల దాకా, రెండు పాయింట్ల తేడా వచ్చేవరకు సాగుతుంది. స్నూకర్‌లో మాత్రం అర్థం తలకిందులు. తెగకుండా ఒకే వరసలో చేసిన స్కోరే బ్రేక్, మామూలు గరిష్ఠం 147. విరామానికీ, విరామం లేనిదానికీ ఒకే పేరు పెట్టినవాళ్లను ఏమనాలి!

బ్రేక్ డాన్స్ విరగడం కాదు, విరుపుల నాట్యమూ కాదు. పాటలో గొంతు ఆగి తాళవాద్యాలే మోగే ముక్కను ‘బ్రేక్’ అంటారు. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఆ ముక్కలనే సాగదీసి వినిపించాడు, వాటికి ఆడినవాళ్లు బ్రేకర్లయ్యారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ‘బ్రేకింగ్’ పేరుతో అది పోటీగా కూడా వచ్చింది.

కరెంటు ఎక్కువైతే ప్రవాహాన్ని తెంచేది సర్క్యూట్ బ్రేకర్. షేర్ మార్కెట్ దాన్ని అరువు తెచ్చుకుంది. 1987 అక్టోబర్ 19న అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఒక్క రోజులో 22.6 శాతం పడిన తర్వాత న్యూయార్క్‌లో ఈ ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు ఎస్ అండ్ పీ 500 సూచీ 7, 13 శాతం పడితే 15 నిమిషాల విరామం, 20 శాతం పడితే ఆ రోజుకు లావాదేవీలు బంద్. 2020 మార్చిలో ఇది నాలుగుసార్లు పనిచేసింది. సీ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో ‘బ్రేక్’ అని రాస్తే కంప్యూటర్ ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తూ తాను తిరుగుతున్న లూప్‌ను తెంచుకుని బయటికి వస్తుంది, లోపలి లూప్ ఒక్కదాని నుంచే.

చివరి మెట్టు: చేతికి పని

కింది వాక్యాలకు ముందు మీరే తెలుగు చెప్పుకోండి. ‘ఆఫ్టర్ ది టాక్స్ బ్రోక్ డౌన్, ఫైటింగ్ బ్రోక్ ఔట్.’ ‘హి బ్రోక్ ఆఫ్ ఇన్ ది మిడిల్ ఆఫ్ ఎ సెంటెన్స్ అండ్ బ్రోక్ డౌన్.’ ‘ది ఫీవర్ బ్రోక్ ఎట్ డేబ్రేక్.’ ‘షి బ్రోక్ ఇన్ హర్ న్యూ షూస్.’ ‘సంవన్ బ్రోక్ ఇన్ అండ్ టుక్ హర్ న్యూ షూస్.’

మొదటిది: చర్చలు విఫలమయ్యాక పోరు చెలరేగింది. రెండోది: వాక్యం సగంలో ఆగి భోరుమన్నాడు. రెండు బ్రోక్‌లలో దేనికీ కర్మ లేదు, అర్థమంతా ఆఫ్, డౌన్‌ల చేతిలోనే ఉంది. మూడోది: తెల్లవారేసరికి జ్వరం దిగింది. నాలుగో దాంట్లో ‘బ్రోక్ ఇన్’ వెనక బూట్లు ఉన్నాయి, కాబట్టి కొత్త బూట్లను కాలికి అలవాటు చేసుకుంది. అయిదో దాంట్లో ‘ఇన్’ దగ్గరే ఆ ముక్క అయిపోయింది, కర్మ లేదు. ఎవరో ఇంట్లో దూరి ఆ కొత్త బూట్లు ఎత్తుకుపోయారు.